శీతల దేశాల పచ్చిక, పెన్నా తీరపు గరిక

పచ్చిక పెంపకంపై విద్యార్థుల చేతికందే ఆంగ్ల గ్రంథాలలో అధిక భాగం మంచు కురిసే దేశాలను దృష్టిలో ఉంచుకొని రచించినవే. మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ పద్ధతులు సుపరిచితం. సెలవులకు స్వస్థలం వచ్చేటప్పుడు వారు వెంట తెచ్చే విత్తనాల పొట్లాలలో రైగ్రాస్, కెంటకీ బ్లూగ్రాస్ తరచుగా ఉంటాయి. కార్తికంలో ప్రొద్దుటూరులో చల్లితే ఆ విత్తనం చక్కగానే మొలుస్తుంది. శివరాత్రి దాటే సరికి పసుపు వర్ణానికి మారి, ఉగాది తరువాత ఎండిపోతుంది. విత్తనంలో గాని, యజమాని శ్రద్ధలో గాని లోపం లేదు. ఆ గడ్డి శరీరధర్మమే వేరు.

బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ జాతులు సి3 మార్గంలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. వాటి ఆకుల పెరుగుదలకు 15 నుండి 24 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటినకొద్దీ కాంతిశ్వసన నష్టం అధికమై, తయారైన ఆహారంలో గణనీయమైన భాగం వృథా అవుతుంది, వేర్లు కుంచించుకుపోతాయి. గరిక, జోయిసియా వంటి సి4 జాతులు ఆ నష్టాన్ని దాదాపుగా నివారించుకోగలవు. వాటికి 27 నుండి 35 డిగ్రీలు అనుకూలం. కడప జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా జరిగేదే కనుక ఇక్కడ ఎంపిక దాదాపు ముందే నిర్ణయమైపోయింది.

జాతి మారితే పంచాంగమూ మారుతుంది. మిన్నెసోటాలో విత్తడానికి ఉత్తమ కాలం ఆగస్టు మధ్య నుండి సెప్టెంబరు మధ్య వరకు. వేసవి తాపం తగ్గి, మంచు రాకముందు వేరు నాటుకోవడానికి ఆ నెల రోజులే అనువైనవి. నత్రజని ముఖ్య మోతాదు కూడా అక్కడ శరత్కాలంలోనే. మంచు కరిగిన పిదప కనిపించే బూజు మచ్చలు అక్కడి ప్రధాన సమస్య. జమ్మలమడుగులో ఇవేవీ వర్తించవు. గరిక కణుపులను జూలై, ఆగస్టు నెలలలో, తొలకరికి నేల బాగా నానిన తరువాత 10 నుండి 15 సెం.మీ. ఎడంగా నాటడం శ్రేయస్కరం. చలి నెలలలో గరిక మందగిస్తుంది గాని పూర్తిగా ఆగదు. అందువల్ల చలికాలపు పచ్చదనం కోసం పైపైన రైగ్రాస్ చల్లే ఆచారం ఇక్కడ అనవసర వ్యయమే.

గరికను పచ్చికగా పెంచమంటే ఈ ప్రాంత రైతు నవ్వుకోవచ్చు. అతడు తరతరాలుగా చేనులో పెరికి గట్టున వేస్తున్నది దానినే. అయితే కలుపుగా దానిని మొండిగా నిలబెట్టే భూగర్భ కాండాలే పచ్చికగా దానికి బలం. లవణాలను అది బ్లూగ్రాస్ కన్న ఎంతో మెరుగుగా తట్టుకుంటుంది. అసలు కలుపు తుంగ. నాటిన తరువాత తుంగను ఏరడం దుస్సాధ్యం కనుక, మే నెలలోనే ఒక అడుగు లోతున త్రవ్వి, గడ్డలను ఏరి, మట్టిని ఎండబెట్టడం తప్పనిసరి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి మరొక పరీక్ష. ఈ నేలలోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. బీటలు వేర్లను తెంపివేస్తాయి. ఆ పిదప పెట్టిన నీరు వాటి గుండా లోతుకు జారిపోతుంది. వర్షాకాలంలో ఇందుకు భిన్నంగా నీరు నిలిచి వేరుకు గాలి అందదు. పై పొరలో ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, స్వల్ప వాలు ఇవ్వడం వలన రెండు బాధలూ తగ్గుతాయి. బోరు నీటిలో సోడియం అధికమైన చోట, పరీక్ష ఫలితాన్ని బట్టి జిప్సం వేయాలి.

సున్నం పాలు హెచ్చుగా గల ఈ నేలలలో లేత ఆకులు ఈనెల మధ్య పాలిపోతే, చాలామంది వెంటనే యూరియా చల్లుతారు. అది తరచుగా ఇనుము లోపం. వేరుశనగకు సిఫారసు చేసే మందే దీనికీ సరిపోతుంది: లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు పర్యాయాలు పిచికారీ చేయాలి. నత్రజని లోపమే అయితే, గరిక ఎదిగే వర్షాకాలంలో చదరపు మీటరుకు 11 గ్రా. యూరియా చొప్పున వేస్తే 5 గ్రా. నత్రజని అందుతుంది. కోతలో ఆకు ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదన్న నియమం మాత్రం మిన్నెసోటాకూ, పులివెందులకూ ఒక్కటే.

ఇక నీరు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మి.మీ.; పడమటి మండలాలలో ఇంకా తక్కువ. 200 చదరపు మీటర్ల పచ్చికకు వేసవిలో రోజుకు 5 మి.మీ. నీరు పెట్టడమంటే 1,000 లీటర్లు. పట్టణ నీటి సరఫరాకు ప్రామాణికంగా భావించే తలసరి 135 లీటర్ల లెక్కన అది ఏడుగురి దినసరి అవసరం. ఏప్రిల్, మే నెలలు రెండింటికీ 60,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. పులివెందుల పరిసరాలలో బోర్లు వట్టిపోయి చీనీ తోటలు ఎండిన అనుభవం ఉన్న రైతు, కార్యాలయ ఆవరణలో తిరిగే స్ప్రింక్లరును ఏ దృష్టితో చూస్తాడో విస్తరణ శాస్త్రవేత్తకు వేరుగా చెప్పనవసరం లేదు.

గరిక ఇక్కడే మనకు వెసులుబాటు ఇస్తుంది. నీరందని వేసవిలో ఆకు గోధుమ వర్ణమైనా కణుపులు, భూగర్భ కాండాలు సజీవంగా ఉంటాయి. బాగా పాదుకున్న గరికకు మూడు వారాలకొకసారి 12 మి.మీ. తడి సాధారణంగా చాలు. ఆ లెక్కన రెండు నెలలకు మూడు తడులు, మొత్తం 7,200 లీటర్లు. ఆ కాలంలో యూరియా వేయరాదు, కోయరాదు, రాకపోకలు తగ్గించాలి. అప్పుడు జూన్ వానలకు అదే గరిక తిరిగి చిగురిస్తుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలన్న పట్టుదల పుస్తకాల నుండి, చలనచిత్రాల నుండి వచ్చినదే. శీతల దేశాలలో సైతం పచ్చిక నెలల తరబడి మంచు కింద నిద్రిస్తుంది. ఇక్కడి నిద్రాకాలం వేసవి.

ఆవరణ అంతటినీ పచ్చికతో నింపక, నడక ఉన్నచోట కడప బండ పరచి, పడమటి వైపు వేప, కానుగ నాటితే నీటి ఖర్చు మరింత తగ్గుతుంది. బండ వేడెక్కుతుందన్న ఆక్షేపణ సమంజసమే. ఆ చెట్ల నీడ మధ్యాహ్నం తరువాత బండపై పడేటట్లు చూసుకోవాలి. అయితే దట్టమైన నీడలో గరిక నిలవదు కనుక, చెట్టు మొదలు చుట్టూ ఎండుటాకులను అలాగే ఉంచి పచ్చిక అంచును కొమ్మల అవతల నుండి మొదలుపెట్టడం మంచిది.