మీకు తెలుసా? ‘చెర’ అంటే జైలొక్కటే కాదు

ఎస్. రాయవరంలో ‘ఎస్’ అంటే సర్వసిద్ధి. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊళ్ళోనే, మేనమామగారింట, 1862 సెప్టెంబరు 21న గురజాడ అప్పారావు పుట్టారు. జనం నోట్లో నానే మాటకు సాహిత్యంలో పెద్దపీట వేసిన మనిషి ఆయన. ఆయన్ని తలుచుకుంటూ, మనం రోజూ వాడే ఒక చిన్న మాట లోతు చూద్దాం. ఆ మాట ‘చెర’.

● పాత పుస్తకాల్లో దీన్ని బండి ఱతో ‘చెఱ’ అని రాసేవారు. చెరువుకూ అదే ఱ: ‘చెఱువు’. ఇది వట్టి పోలిక కాదు. తమిళంలో ‘సిఱై’ అంటే జైలు, నీటికి అడ్డంగా వేసే కట్ట కూడా సిఱైయే. మలయాళంలో ‘చిఱ’ అంటే కట్ట, చెరువు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. పారే నీటికి కట్ట వేస్తే చెరువు, తిరిగే మనిషికి కట్ట వేస్తే చెర. అయితే చెరువు కట్టినవాళ్ళు నీళ్ళు వదలడానికి తూము కూడా పెట్టారు. ఉత్తరాంధ్ర రైతులు దాన్నే మదుము అంటారు. అలుగు సరేసరి. చెరలో పడ్డ మనిషికి అలాంటి దారి ఉండదు.

● ఖైదు అరబ్బీ నుంచి వచ్చింది, బందీఖానా పారశీ నుంచి, కారాగారం సంస్కృతం నుంచి, జైలు ఇంగ్లీషు నుంచి. వీటి మధ్య చెర ఒక్కటే అచ్చతెలుగు. ఇవి చాలవన్నట్టు శ్రీకృష్ణ జన్మస్థానమనీ, అత్తారిల్లనీ, ఊచలు లెక్కపెట్టడమనీ, చిప్పకూడనీ ఎన్ని చాటుమాటలో!

● పశువులకూ చెర ఉండేది. పరుల చేలో పడి మేసిన గొడ్డును తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేసేవారు. డబ్బు కడితేగాని వదిలేవారు కాదు. దీనికి 1871లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. ఇప్పుడు చాలా ఊళ్ళలో దొడ్లు లేవు, మాట మాత్రం మిగిలింది. జనాన్ని కుక్కిన గదిని చూసి ‘బందెలదొడ్డిలా ఉంది’ అంటాం.

● ఇంగ్లీషువాళ్ళు ‘కన్ఫైన్‌మెంట్’ అనే ఒకే మాటను జైలుకీ, వెనకటి రోజుల్లో పురిటికీ కూడా వాడారు. మన పురుడులో చెర అనే మాట లేదు. కానీ పురిటి గది, పురిటి మైల, ఎవరూ ముట్టుకోని ఆ రోజులు గుర్తు చేసుకుంటే, పచ్చి బాలింతను ఓ మూల గదిలో ఉంచిన ఆ పద్ధతికి మరే పేరు పెట్టాలో నాకు తోచదు.

● తెలుగువాళ్ళకి చెర అనగానే ముందు గుర్తొచ్చేది లంకలో సీతమ్మ. అందుకే కాబోలు ఈ మాట ఆడవాళ్ళ బాధకు అంత దగ్గరగా ఉంటుంది. బందీగా పట్టుకోవడం అని అర్థమున్న ‘చెరపట్టడం’ రానురాను స్త్రీపై జరిగే అత్యాచారానికి పేరైంది. పెళ్ళి పేరుతో పడే చెర మరొకటి. తన నాటకం ‘కన్యాశుల్కం’ 1897 ముద్రణకు ముందుమాట రాస్తూ గురజాడ కొన్ని లెక్కలు చూపించారు. విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితా అది: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం తీసుకుని చేసిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళు 1,034. వాటిలో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ తలా 350 నుంచి 400 రూపాయల దాకా ధర పలికింది. ఎన్నిసార్లు చదివినా ఈ అంకెల దగ్గర నా చూపు ఆగిపోతుంది. ఇంకా మాటలు రాని పసిబిడ్డకు జీవితకాలపు చెర రాసిపెట్టి, అందుకు డబ్బు పుచ్చుకున్నారు. నాటకంలో లుబ్ధావధాన్లు అనే ముసలివాడు పెళ్ళాడింది ఆడవేషం కట్టిన కుర్రాణ్ణి. ఆ కుర్రాడు పారిపోతే పెళ్ళికూతుర్ని చంపాడన్న నేరం అవధాన్లు మెడకు చుట్టుకుంటుంది. పసిపిల్లను కొనడానికి జంకనివాడు జైలు మాట వినగానే వణికిపోతాడు.

● చెర ‘విడుస్తుంది’, చెర ‘విడిపిస్తాం’. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడింది. తుపాకులు తీసుకెళ్ళడంతో ఆగలేదు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మన్యం తిరుగుబాటుదారు వీరయ్యదొరను విడిపించుకుపోయింది. ఆ మూడింటిలో కృష్ణదేవిపేట నేడు ఎస్. రాయవరమున్న అనకాపల్లి జిల్లాలోనే ఉంది.

● ఈ మాట ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పేపర్లలో: అప్పుల చెర, మద్యం చెర, ఆక్రమణల చెర. వీటన్నిటిలో నన్ను కదిలించే శీర్షిక ఒకటుంది. ఏ జిల్లా పేజీ తిప్పినా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది: ‘కబ్జా చెరలో చెరువు’. నీటిని కట్టి నిలిపి ఊరిని బతికించిన చెఱువే చివరికి చెఱలో పడింది. రెండింటిలోనూ అదే బండి ఱ.