దిగులుకు ప్రార్థన కావాలి, వైద్యమూ కావాలి

పల్నాడులో క్రైస్తవుల చలికాలం క్రిస్మస్ నక్షత్రంతో కాదు, సమాధుల పండగతో మొదలవుతుంది. నవంబరు 2న నరసరావుపేట, గురజాల, మాచర్ల చుట్టుపక్కల కుటుంబాలు సమాధుల తోటలకు వెళ్తాయి. సున్నం వేసి, పూలదండలు పరిచి, పొద్దుగూకాక కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఆ సాయంత్రం ఎవరు ఏడ్చినా తప్పుపట్టేవాళ్లుండరు. ఊరుకోమని గద్దించేవాళ్లూ ఉండరు. ఆ తర్వాత ఏడెనిమిది వారాలకు క్రిస్మస్ పండగ వస్తుంది. అప్పుడు మాత్రం అందరూ సంతోషంగా కనబడాలి. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

చలికాలపు దిగులు అనగానే వెలుతురు కొరత గురించి చెబుతారు. 1984లో అమెరికా వైద్యుడు నార్మన్ రోజెంతాల్, ఆయన సహచరులు దీనికి ఒక జబ్బుగా పేరు పెట్టారు. డిసెంబరులో స్టాక్‌హోంలో పగలు ఆరు గంటలే ఉంటుంది కాబట్టి అక్కడి వాళ్లకు ఆ వివరణ బాగా సరిపోతుంది. పల్నాడు సంగతి వేరు. ఇక్కడ ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలకు తగ్గదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లా ఇది. ఇక్కడి దిగులుకు కారణాలు పొలంలో, ఇంట్లో, అప్పుల పద్దులో వెతకాలి.

పత్తి తీతలు సాగే రోజులవి. మిరప చేను పూతా కాతా మీద ఉంటుంది. చేతికి డబ్బు రాకముందే కౌలు బాకీ, కూలి బాకీ, మందుల కొట్టు బాకీ గుమ్మం తొక్కుతాయి. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసింది. ఎకరాల కొద్దీ తోటలు పీకేసిన రైతులకు ఆ డిసెంబరు ఎలా గడిచిందో పల్నాడు మరిచిపోలేదు. అలాంటి ఏట పిల్లలకు కొత్తబట్టలు కొనలేని తండ్రి గుడికి రావడమే మానేస్తాడు. భర్త పోయాక తొలి క్రిస్మస్ చేసుకునే ఇల్లాలికి, పిల్లలంతా హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉన్న ముసలివాళ్లకు పక్కింటి దీపాలు చూస్తే గుండె బరువెక్కుతుంది.

ఇలాంటి వాళ్లకు సంఘం చేసే మేలు చిన్నది కాదు. డప్పు, తాళాలతో కేరల్స్ బృందం అర్ధరాత్రి దాకా గడప గడపకూ వస్తుంది. ఎవరూ పలకరించని ఇంటి తలుపు కూడా ఆ రాత్రి తడతారు. పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లో పదిమందితో కలిసి పాడటం, ప్రేమవిందులో ఒకే బంతిలో కూర్చుని తినడం, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏటికి వాగ్దానం అందుకోవడం... ఒంటరి మనిషిని ఇంట్లోంచి బయటికి తెచ్చే ఏర్పాట్లు ఇవన్నీ. స్త్రీల కూడికలో ఒకామె తన బాధను ప్రార్థన అంశంగా చెప్పుకుంటే, వారం తిరిగేలోగా నలుగురు వచ్చి యోగక్షేమాలు అడుగుతారు. ఏ మందుల చీటీలోనూ ఈ ఆదరణ దొరకదు.

అయితే అదే సంఘంలో ఒక మాట గాయం చేస్తుంది. నిద్రపట్టక, తిండి సయించక, బతుకు మీద ఆశ పోయి చిక్కిపోయిన మనిషికి ‘నీకు విశ్వాసం తక్కువ’ అని చెబుతారు. మరి ఏలీయాకు విశ్వాసం తక్కువా? అంత గొప్ప ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద కూలబడి, చావు కోరుకున్నాడని బైబిలే చెబుతోంది. దేవదూత ఆయన్ను మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోతే మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు ప్రయాణం, దేవుడితో మాటలు ఆ తర్వాతే. మొదట ఒంటి సంగతి చూశాడు!

పల్నాడు క్రైస్తవ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్య పట్టా తీసుకున్నారు. తిరిగి వచ్చి 1849లో గురజాలలో కాపురం పెట్టి పని మొదలుపెట్టారు. ప్రార్థన చేసే చేయే నాడి పట్టుకుంది. దిగులు ముదిరిన మనిషికి మందు అవసరమని చెప్పడం ఈ ప్రాంతపు సంఘాలకు కొత్త బోధేమీ కాదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దల్లో వందకు పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వారిలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. పల్లెలో అలాంటి మనిషి డాక్టరు కంటే ముందు వెళ్లేది పాస్టరు గారి దగ్గరికే. అందుకే ఆయన బాధ్యత పెద్దది. దిగులు రెండు వారాలు దాటినా, పని మీద, మనుషుల మీద ఆసక్తి చచ్చినా, చావు మాటలు వినబడినా, ప్రార్థన చేసి ఆయనే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అలాంటి ఇంట్లో పురుగుమందు డబ్బాలు అందుబాటులో ఉంచకూడదు.

పశ్చిమ దేశాల్లో కొన్ని చర్చిలు డిసెంబరు 21 ప్రాంతంలో దుఃఖంలో ఉన్నవారి కోసమే ఒక ఆరాధన జరుపుతున్నాయి. నవంబరు 2న ఏడవనిచ్చే పల్నాడు సంఘాలు డిసెంబరులోనూ అలాంటి ఒక సాయంత్రం పెట్టుకోవచ్చు. ఈ ఏడాదే మొదలుపెట్టండి. ఆ రోజు గుడి గోడ మీద ఒక నంబరు కూడా రాసిపెట్టండి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.