గంటకు 370 గ్రాముల నీళ్లు

ఆగస్టు ముసురు. అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో ఏ పెయింటింగ్ షెడ్డులోనైనా జరిగేదే. కారు డోరుకు క్లియర్ కోటు కొట్టారు, అద్దంలా వచ్చింది. కాసేపటికి దాని మీద సూదితో పొడిచినట్టు గుంటలు. రంగును తిడతారు, థిన్నర్‌ను తిడతారు. నూనె, సిలికాన్ పాలిష్ కూడా గుంటలు పెడతాయి, నిజమే. కానీ వానాకాలంలో నేను ముందు అనుమానించేది గాలినే.

లెక్క చూద్దాం. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. కంప్రెషర్ దాన్ని 7 బార్‌కు, అంటే సుమారు 100 పీఎస్‌ఐకి నొక్కితే, బయటి గాలి ఒత్తిడితో కలిపి చూస్తే ఆ గాలి ఎనిమిదో వంతు జాగాలో ఇరుక్కుంటుంది. అంత కొంచెం జాగా 30 డిగ్రీల దగ్గర మోయగలిగే ఆవిరి 4 గ్రాముల లోపే. మిగతా 20.5 గ్రాములు నీళ్లయి దిగాల్సిందే. స్ప్రే గన్ నిమిషానికి 300 లీటర్ల గాలి తీసుకుంటే గంటకు 18 ఘనపు మీటర్లు. నీళ్లు 370 గ్రాములు.

మే నెల ఎండల్లో ఈ బెడద ఉండదనుకోవద్దు. 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్నా గంటకు 115 గ్రాములు దిగుతాయి.

‘ఫిల్టర్ పెట్టాం కదా’ అంటారు. ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. ఫిల్టర్ బొట్టును పడుతుంది, ఆవిరిని పట్టలేదు. కంప్రెషర్ పక్కన గాలి కాలిపోతూ ఉంటుంది. ట్యాంకు నుంచి 50 డిగ్రీల గాలి వస్తోందనుకోండి. నొక్కిన గాలి ఘనపు మీటరుకు 83 గ్రాముల ఆవిరిని మోస్తూ ఫిల్టర్‌లోంచి దర్జాగా దాటిపోతుంది. హోస్‌లో 30 డిగ్రీలకు చల్లారాక మోయగలిగేది 30 గ్రాములే. చల్లటి నీళ్ల చెంబు బయట చెమర్చినట్టు హోస్ లోపల చెమరుస్తుంది. గంటకు దాదాపు 120 గ్రాములు, అదీ ఫిల్టర్ దాటాక, గన్ ముందు.

ఆ బొట్టు ఊరికే ఉండదు. టూకే క్లియర్‌కు కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆరుతున్న పొరలోంచి ఆ బుడగలు బయటికొచ్చిన దారులే మనకు కనిపించే గుంటలు.

కాబట్టి ముందు చల్లార్చాలి, తర్వాత వడగట్టాలి. కంప్రెషర్‌కూ ఫిల్టర్‌కూ మధ్య కనీసం 25 అడుగుల ఇనుప పైపు ఉండాలంటారు. నగరం నడిబొడ్డున, ఈ అద్దెల్లో అంత పొడవు షెడ్డు ఎవరికుంది? కంప్రెషర్ ఒక మూల, కారు దాని పక్కనే. అయినా దారి ఉంది. 10 అడుగుల గోడ మీదే పైపును అటూ ఇటూ మూడు వరసలు తిప్పవచ్చు. ప్రతి వరసా కాస్త వాలుగా, 10 అడుగులకు అంగుళానికి పైగా దిగాలి. అట్టడుగున డ్రెయిన్ కాక్. గన్‌కు గాలి తీసే కొమ్మ పైపు అడుగు నుంచి కాక పైభాగం నుంచి ఎక్కి వంగి రావాలి, అప్పుడు నీళ్లు అందులోకి జారవు. పీవీసీ పైపు మాత్రం వద్దే వద్దు. అది వేడిని వదలదు, పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

స్తోమత ఉంటే రిఫ్రిజిరేటెడ్ డ్రయర్. గాలిని 3 డిగ్రీలకు చల్లార్చి నీటిని ముందే దించేస్తుంది. ఇక మిగిలేది గంటకు 13 గ్రాములు, అదీ ఆవిరిగానే గన్ దాటుతుంది. సిలికా జెల్ డబ్బా వాడేవాళ్లు నీలం గింజలు గులాబీ రంగుకు తిరగగానే ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. పైపులో గాలిని చల్లార్చకుండా జెల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది త్వరగా తడిసిపోతుంది.

ట్యాంకు డ్రెయిన్‌ను సాయంత్రం ఒకసారి తిప్పి ఊరుకోకండి. రాత్రి ట్యాంకు చల్లారాక ఇంకొన్ని నీళ్లు అడుగున చేరతాయి, పొద్దున్నే మళ్లీ తిప్పాలి. రంగు పోసే ముందు ఖాళీ గన్‌ను శుభ్రమైన అద్దం ముక్క మీదికి పట్టి ఒక నిమిషం గాలి వదలండి. అద్దం మీద ఒక్క చుక్క కనిపించినా ఆ పూటకు క్లియర్ కోటు ఆపేయండి.