ఒంటికి కుదిరితేనే ఉక్కు సైకిల్‌

- దూర ప్రయాణాలకు ఫ్రేము ఎంపికే కీలకం
- తూకం కంటే కొలతే ముఖ్యం

కాకినాడ: కాకినాడ నుంచి కెనాల్‌ రోడ్డు మీదుగా రాజమహేంద్రవరం వెళ్లి రావాలంటే 120 కిలోమీటర్ల పైమాటే. మొదటి 40 కిలోమీటర్లు ఏ సైకిలైనా ఒకటిగానే అనిపిస్తుంది. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి. మెడ పట్టేస్తుంది. నడుము నొప్పి మొదలవుతుంది. తమ ఒంట్లోనే సత్తువ లేదని చాలామంది సరిపెట్టుకుంటారు. కొలత కుదరని ఫ్రేమే ఇందుకు కారణం కావచ్చన్న అనుమానం ఎవరికీ రాదు. సీటు, టైర్లు, హ్యాండిల్‌ నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫ్రేము కొలత తప్పితే మాత్రం పెట్టిన సొమ్ము వృథాయే.

పరిమిత ఆదాయం ఉన్నవారు దూర ప్రయాణాలకు ఉక్కు ఫ్రేమును ఎంచుకోవడం వెనుక కారణాలు లేకపోలేదు. కార్బన్‌తో పోలిస్తే ధర తక్కువ, మన్నిక ఎక్కువ. దెబ్బ తగిలితే చాలావరకు బాగుచేయించుకోవచ్చు. ‘బ్రెవెట్‌’ యాత్రల్లో 200 కిలోమీటర్లకు 13.30 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటల గడువు ఉంటుంది. అక్కడ వేగం కంటే చివరిదాకా తొక్కగలగడం ప్రధానం. ఫ్రేములో 200 గ్రాములు తగ్గించుకునేందుకు వేల రూపాయలు పోసినవారే రెండు లీటర్ల నీళ్లు తగిలించుకొని బయలుదేరడం విచిత్రం.

ఉక్కులో రకాలు

చౌక సైకిళ్లలో ‘హై టెన్సైల్‌’ ఉక్కు, కొంత ఖరీదైనవాటిలో ‘క్రోమోలీ’ వాడతారు. క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కే క్రోమోలీ. ఇది మెత్తగా ఉండి కుదుపులను పీల్చుకుంటుందన్న ప్రచారంలో వాస్తవం కొంతే. ఒకే కొలత గొట్టాలైతే ఏ ఉక్కయినా దాదాపు ఒకేలా వంగుతుంది. క్రోమోలీకి బలం ఎక్కువ కనుక గొట్టాన్ని పల్చగా చేయవచ్చు. బరువు తగ్గేది, కాస్త స్థితిస్థాపకత వచ్చేది ఆ పల్చదనం వల్లే. అతుకులు పడే చివర్లలో మందంగా, నడుమ పల్చగా ఉండే ‘బటెడ్‌’ గొట్టాలకు బ్రిటన్‌కు చెందిన రేనాల్డ్స్‌ సంస్థ 1897లోనే పేటెంట్‌ పొందింది. నేటికీ అదే పద్ధతి కొనసాగుతోంది.

స్టిక్కరును చూసి మోసపోరాదు. ముందున్న మూడు ప్రధాన గొట్టాలు మాత్రమే క్రోమోలీవై, ఫోర్కు, వెనుక కాళ్లు మామూలు ఉక్కువై ఉండవచ్చు. దుకాణదారును ఆ మాట సూటిగా అడగాలి.

కొలత తీసుకోండిలా..

చెప్పులు విడిచి గోడకు ఆనుకొని నిలబడి, నేల నుంచి తొడల మొదలు వరకు ఎత్తు కొలవాలి. దాన్ని 0.65 నుంచి 0.67తో హెచ్చిస్తే సీటు గొట్టం పొడవు సుమారుగా తెలుస్తుంది. కాలి ఎత్తు 77 సెంటీమీటర్లయితే 50 నుంచి 51.5 సెంటీమీటర్ల ఫ్రేము సరిపోవచ్చు. అయితే పై గొట్టం వెనక్కు వాలి ఉండే నేటి ఫ్రేములకు ఈ లెక్క పూర్తిగా పనికిరాదు. ‘స్టాక్‌’, ‘రీచ్‌’ అనే రెండు అంకెలను చూడాలి. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్‌ గొట్టం పైఅంచు ఎంత ఎత్తున ఉందో స్టాక్‌, ఎంత ముందుకు ఉందో రీచ్‌ తెలుపుతాయి. ఎత్తు ఎక్కువై, చాపు తక్కువైతే నడుము నిటారుగా ఉంటుంది. పందెపు సైకిళ్లలో ఇది తలకిందులు. గంటల తరబడి తొక్కేవారికి వాటి జోలికి పోకపోవడమే శ్రేయస్కరం.

సుఖంలో సింహభాగం టైర్లదే. అందుకే ఫ్రేములో ఎంత లావు టైరు పడుతుందో తప్పక కనుక్కోవాలి. 25 మిల్లీమీటర్లకు మించి పట్టని ఫ్రేము మన గతుకుల దారులకు తగదు. 32 మిల్లీమీటర్ల టైరు వేసి, పైన మడ్‌గార్డుకూ చోటుంటే మేలు. 70 కిలోల మనిషి 32 టైరులో 60 పీఎస్‌ఐ ప్రాంతంలో గాలి పెడితే చాలు. సన్న టైరుకు 90 దాకా కావాలి. ఖరీదైన ఫ్రేముకు సన్న టైర్లు బిగించడం కంటే సాధారణ ఫ్రేముకు లావు టైర్లు వేసుకోవడమే తెలివైన పని.

పాతది కొనేవారికి దారమే సాక్షి

పాత ఫ్రేము కొనేటప్పుడు ఒక దారం వెంట తీసుకెళ్లాలి. వెనుక చక్రం బిగించే ఎడమ గాడి వద్ద కట్టి, హ్యాండిల్‌ గొట్టం ముందు నుంచి చుట్టి, కుడి గాడి వద్దకు బిగువుగా లాగాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా సమానంగా ఉంటేనే ఫ్రేము తిన్నగా ఉన్నట్లు. హ్యాండిల్‌ గొట్టానికి కాస్త వెనుక, కింది గొట్టం అడుగున పెయింటు ముడత పడినా, ఉబ్బినా ఎక్కడో బలంగా గుద్దుకున్నట్లే. ఎంత చౌకగా ఇచ్చినా అటువంటిది కొనరాదు. పోయేది సొమ్ము ఒక్కటే కాదు, వేగంగా వెళ్లేటప్పుడు ఫ్రేము విరిగితే ప్రాణానికే ముప్పు.

ఇంట్లో పడి ఉన్న పాత నల్ల సైకిల్‌కు గేర్లు బిగిద్దామనుకునే వారూ ఉన్నారు. దాని 28 అంగుళాల రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు కాగా, నేటి 700సీ రిమ్ముది 622. ఆ తేడాతో బ్రేకులు అందవు. గేరు హబ్‌కు వెనుక 130 మిల్లీమీటర్ల ఎడం కావాలి. నల్ల సైకిల్‌లో అంత ఉండదు. ఆ ప్రయత్నం మానుకోవడమే మంచిది.

తీరప్రాంతాల్లో ఉక్కుకు ప్రధాన శత్రువు తుప్పు. ఉప్పాడ వంటి చోట్ల ఉప్పుగాలి గొట్టాల లోపలికి చేరి తినేస్తుంది. బయటి పెయింటు మెరుస్తున్నా నమ్మరాదు. కొనేముందు సీటు కర్రను బయటకు లాగించి, టార్చి వేసి లోపల చూడాలి. సీటు కర్ర కదలకుండా పట్టేసి ఉంటే బేరం అక్కడితో ఆపేయవచ్చు. సొంతమయ్యాక వర్షంలో తడిసినప్పుడల్లా సీటు కర్ర తీసి ఫ్రేమును బోర్లించి నీరు కార్చాలి. ఏడాదికోసారి లోపల అవిసె నూనెగానీ యంత్రాల నూనెగానీ పట్టించి, ఆరు నెలలకోసారి సీటు కర్రకు గ్రీజు రాయాలి.