పరాయి పేరిట మన యింటికి వచ్చిన యుత్తరము

కొంతకాలమునుండి మన సంఘసభ్యులు కొందరు కార్యాలయమునకు వచ్చి యొకే సంగతి యడుగుచున్నారు. తామెన్నడును వినని మనుష్యుల పేరిట తమ యింటి చిరునామాకు బ్యాంకు కవర్లు వచ్చుచున్నవట. ఒకరు కవరు చింపి చదివిరి. ఒకరు పొయ్యిలో వేసిరి. మరియొకరు, "పొరపాటున మీ యింటికి వచ్చినది, అది మాదే" యని వాకిట నిలిచిన యువకుని చేతికిచ్చి పంపిరి. ఈ మూడును తగిన పనులు కావు. కారణము విన్నవించుచున్నాము.

మొట్టమొదట కంగారుపడ నవసరము లేదు. ఇట్టి యుత్తరములు పొరపాటున వచ్చుటయు గలదు. తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము. ఇంటిపేరును ఒకటియే యగుటచే ఒక్క వీధిలోనే యొకే పేరు గలవారు ఇద్దరు ముగ్గు రుందురు. 1972 ఆగస్టు 15 నుండి అమలులోనున్న ఆరంకెల పిన్ కోడులో ఒక యంకె తప్పినను ఉత్తరము వేరొక యూరు చేరును. పూర్వము ఆ యింట అద్దెకున్నవారు చిరునామా మార్చుకొనకపోవుటయు గలదు.

మోసగాండ్ర త్రోవ వేరు. ఖాతా తెరచుటకును, అప్పు తీయుటకును ఏదో యొక చిరునామా కావలెను. తమ యిల్లు తెలియుట వారి కిష్టము లేదు. కావున పరుల చిరునామా వ్రాయింతురు. కార్డుగాని చెక్కుపుస్తకముగాని తపాలాలో వచ్చు దినములు కనిపెట్టి, వినయముగా వచ్చి యడిగి తీసికొనిపోవుదురు. తరువాత బ్యాంకువారును పోలీసులును వెదకుకొనుచు వచ్చునది మన గడపకే.

కావున అట్టి కవరును విప్పరాదు, పారవేయరాదు, అడిగినవాని కీయరాదు. దానిపై "ఈ పేరు గలవారు ఈ చిరునామాలో లేరు" అని వ్రాసి పోస్టుమానునకు తిరిగి యీయవలెను. స్పీడు పోస్టయినచో సంతకము చేయక నిరాకరింపవలెను. వచ్చిన తేదీని, కవరుపైనున్న పేరును, పంపినవారి పేరును ఒక పుస్తకములో వ్రాసి యుంచుకొనవలెను. మరల మరల వచ్చుచో పంపిన బ్యాంకునకు అర్జీ వ్రాసి, దాని నకలుపై ముట్టినట్లు ముద్ర వేయించుకొనవలెను. ఎవడో తీసిన అప్పు మన చిరునామాపై నున్నంతమాత్రమున మనకు చుట్టుకొనదు. అప్పు సంతకము చేసినవానిది గాని గడపది కాదు.

ఇంతకంటె పెద్ద ప్రమాద మింకొకటి గలదు. మన పేరిట, మన కాగితములతో, మనకు తెలియని చిరునామాకు ఉత్తరములు పోవుచుండిన మన కెట్లు తెలియును? 2018లో తెలంగాణములో రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులోని భూమి దస్తావేజులనుండి వేలిముద్రలు తీసి, వానికి నకళ్లు చేసి, సిమ్ కార్డులు పుట్టించిన సంగతి పోలీసులు బయటపెట్టిరి. పొలము అమ్మినవాడును కొన్నవాడును వేసిన వేలిముద్ర యట్లు దొంగచేతి పనిముట్టయ్యెను.

దీనికి విరుగుడు మన చేతిలోనే యున్నది. రిజర్వు బ్యాంకు ఉత్తరువు ననుసరించి 2017నుండి ప్రతి ఋణసమాచార సంస్థయు ఏడాది కొక్కసారి పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెను. అందులో మన పేరిట నున్న అప్పులు కనబడును. మన పేరిట నెన్ని ఫోను నంబర్లున్నవో కేంద్రప్రభుత్వమువారి సంచార్ సాథీలో చూడవచ్చును. ఆధార్ వేలిముద్రలకు తాళము వేయించుకొని, పని పడినపుడు తీయించుకొనవచ్చును. ఆధార్ నకలు ఎవరికిచ్చినను దానిపై అడ్డముగా "ఫలానా పనికి మాత్రమే" యని వ్రాసి తేదీ వేయవలెను. ఖాతాలో సొమ్ము పోయినచో క్షణమాలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఒకరి గుర్తింపును దొంగిలించి వాడుకొనుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను ప్రకారము మూడేండ్లవరకు ఖైదును, లక్ష రూపాయలవరకు జుల్మానాయు గల నేరము.

కడపట మన సంఘమును గూర్చియు నొక మాట. సభ్యుని కెరుకలేకయే యతని పేరిట పంటఋణము వ్రాసికొనిన సహకార సంఘములు లేకపోలేదు. పంట పంటకు నొకసారి మీ ఖాతా పుటను మీరే చూచుకొనుడు. చదువు రానివారు చదివించుకొనుడు. ఖాళీ కాగితముపై సంతకముగాని వేలిముద్రగాని, మన కార్యదర్శియే యడిగినను వేయవలదు. అట్లు నిరాకరించిన సభ్యునిపై మాకు కోపము రాదు. సంఘమును కాపాడువా డతడే.