ఇంటి చెత్తయు, దాని సద్వినియోగమును



ఈ దినమున నేను ముచ్చటింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి అల్పమైనది. ప్రతిదినము ఉదయమున చీపురుకట్ట గుమ్మము దాటించునట్టిది. దానికి మనము చెత్త యని పేరు పెట్టితిమి. పేరు పెట్టి దూరముగ త్రోసివేసితిమి గాని, అది యెక్కడనుండి వచ్చినది, ఎక్కడికి పోవుచున్నది యని విచారించినవారు అరుదు.

వస్తువులను విడివిడిగా చూచినయెడల చెత్త యనునది కానరాదు. కూరగాయల తొక్క పశువునకు మేత. కట్టెల బూడిద చెట్టునకు సారము. చిరిగిన కాగితము పాత సామానుల అంగడిలో వెలకు పోవును. పగిలిన సీసా సయితము గాజు కార్ఖానా చేరి, కరగి, మరల సీసా యగును. ఈ నాల్గింటిని ఒక్క తట్టలో పోసి కలిపితిమా, తొక్కలోనికి గాజుపెంకు చేరును. కాగితము తడిసి కొనువాడు లేకపోవును. బూడిద వేరుచేయుటకు వీలుపడదు. నాలుగు వస్తువులు పోయి ఒక్క చెత్త మిగులును. కలుపుటయే చెత్తకు జన్మకారణము. నేను చెప్పబోవు సర్వమును ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

పూర్వము మన ఇండ్లలో ప్రతి వస్తువునకును తరువాతి చోటు ముందుగనే నిర్ణయమై యుండెడిది. వడ్లు దంచగా వచ్చిన ఊక పొయ్యికి, తవుడు కుడితికి, నూకలు కోళ్లకు పోయెడివి. బియ్యము కడిగిన నీరు పశువుల తొట్టిలో పడెడిది. కొబ్బరికాయ కొట్టినచో కొబ్బరి వంటకు, పీచు అంట్లు తోముటకు, చిప్ప గరిటెకు ఉపయోగపడెడివి. అరటిబోదె నార పూలు కట్టుటకు వచ్చెడిది. నేతచీర పాతదైనచో పసిబిడ్డకు ఉయ్యాల యగును. ఉయ్యాల చినిగినచో పొత్తిగుడ్డలగును. కొన్ని పొరలు చేర్చి కుట్టినచో బొంత యగును. బొంతయు జీర్ణించినచో మసిగుడ్డ యగును. తుదకు దీపపు వత్తి యై వెలుగిచ్చి ముగియును. ఒక్క చీర ఇన్ని జన్మములెత్తి గాని ఇల్లు విడువలేదు.

అంతమాత్రమున పూర్వము సర్వమును చక్కగా నుండెనని నేను చెప్పబోను. ఇంటి ప్రక్కనే పెంటదిబ్బ యుండెడిది; దానిపై ఈగలు ముసిరెడివి; వానకు దిబ్బలోని సారము కొట్టుకొని కాలువలో కలిసెడిది. అయినను ఆ దిబ్బలో పడిన వస్తువులన్నియు మన్నునుండి పుట్టి మన్నులో కలియునవే గావున, ఇంటివారు గోడమీదుగా ఏమి విసరినను భూదేవి జీర్ణించుకొనెడిది.

ఈ స్థితి మారుటకు కారణము మీరెఱుగుదురు. 1933వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు రసాయనశాలలో పాలిథీను అను పదార్థము కనుగొనబడెను. ఏ కొన్ని దశాబ్దములలోనో అది సంచి యై, పొట్లమై, పల్లెటూరి చిల్లరకొట్టు చేరెను. ఉప్పు, పప్పు, పాలు, నూనె, సబ్బు, తినుబండారము, అన్నియు దానిలోనే వచ్చుచున్నవి. అది తడిసినను కుళ్లదు, పాతినను జీర్ణింపదు, ఎండలో చిన్న చిన్న తునుకలగునే గాని మన్ను కాదు. గోడమీదుగా విసరు మన అలవాటు మాత్రము తాతలనాటిదే. అలవాటు నిలిచినది, వస్తువు మారినది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

దీని ఫలమును మొదట అనుభవించుచున్నది గోవు. ఆవు నాలుకతో మేతను చుట్టి, నమలక మ్రింగి, పిమ్మట తీరికగ నెమరు వేయు జంతువు. మేక పెదవులతో ఏరుకొని తినును, ఆవు ఏరలేదు. మనము కూరతొక్కలను, మిగిలిన మెతుకులను సంచిలో పోసి ముడివేసి వీధిలో పారవేయుదుము. అన్నపు వాసనకు వచ్చిన ఆవు సంచితోకూడ మ్రింగును. ఆ సంచి మొదటి పొట్టలో చేరి, నెమరుకు తిరిగి రాక, ముందునకు సాగిపోక అచ్చటనే నిలుచును. దినదినము చేరిన సంచులు ఒకదానితో నొకటి పెనవైచుకొని గట్టి ముద్ద యగును. పొట్ట నిండుగనే కనబడును; మేతకు చోటుండదు. పాలు తగ్గును, ఎముకలు తేలును, ఆకలితోనే ఆవు మరణించును. శస్త్రచికిత్స చేసి ఒక్క పశువు పొట్టనుండి పదుల కిలోల పాలిథీను తీసిన సందర్భములు కలవు. పుట్టపర్తియందు జంతుసంరక్షణము చేయుచున్న కరుణా సొసైటీవారు ఈ దుస్థితిని గూర్చి 2012వ సంవత్సరమున సుప్రీం కోర్టువారికి విన్నపము చేసికొనిరి. గోపూజ చేయు మనదేశమున గోవు పక్షమున న్యాయస్థానమునకు పోవలసివచ్చుట మనము యోచింపదగిన సంగతి గదా!

ఇక ఉపాయము. వంటయింటి ద్వారమువద్ద మూడు చోట్లు ఏర్పరుపుడు: మన్నులో కలియుదానికి ఒక గంప, అమ్ముడుపోవుదానికి ఒక గోనెసంచి, హాని చేయుదానికి మూతగల ఒక డబ్బా. వస్తువు చేతినుండి జారు క్షణముననే దాని చోటు నిర్ణయము కావలెను. కలిసినపిమ్మట ఏరుట అసహ్యము, కష్టము. కలియకమునుపు వేరుగ నుంచుట ఒక్క నిమిషపు పని.

మొదటిది గంప. ఇంట వెలువడు వ్యర్థములలో సుమారు సగము ఈ గంపకే చేరునది. తొక్కలు, కాడలు, వాడిన పూలు, టీపొడి పిప్పి, కుంకుడుపిప్పి, రాలిన ఆకులు, విస్తళ్లు దీనిలోనివి. పశువు తినునది పశువునకు వేసి, తక్కినది ఎరువుగుంతలో వేయవలెను. ఈ విద్యను శాస్త్రీయముగ కుదిర్చినవాడు ఆల్బర్టు హోవర్డు దొర. ఆయన 1924 మొదలు 1931 వరకు ఇందూరు నగరమున (దీనినే ఇండోరు అందురు) వ్యవసాయ పరిశోధన చేసి, యశ్వంత్ వాడ్ అను సహాయకునితో కూడి 1931లో ఒక గ్రంథము ప్రకటించెను. మన రైతుల అనుభవమును, చీనా దేశపు రైతుల పద్ధతిని పరిశీలించి కూర్చిన ఈ విధానమునకు ఇందూరు పద్ధతి యని పేరు వచ్చెను. దాని మూలసూత్రము సులభము. ఎరువును చేయువారు కంటికి కనబడని సూక్ష్మజీవులు. వారికి ఎండుమేత, పచ్చిమేత, గాలి, తేమ, ఈ నాలుగును సమకూర్చుట మన పని.

పెరటిలో, మంచినీటి బావికి దూరముగ, నీడపట్టున రెండు గుంతలు త్రవ్వుడు. లోతు మూడడుగులు మించరాదు. మించినచో అడుగునకు గాలి పోదు. వాననీరు చొరకుండ చుట్టును గట్టు వేయవలెను. అడుగున చిదుగులు పరచి, దానిపై ఎండుటాకులు లేక గడ్డి, దానిపై వంటయింటి పచ్చి తొక్కలు, దానిపై నీళ్లలో కలిపిన పేడ, పైన పిడికెడు మన్ను. ఈ క్రమమున పొరలు వేయుచు పోవలెను. ఎండుది పచ్చిదానికంటె రెండింతలుండుట మేలు. పై పొర ఎల్లప్పుడు ఎండుటాకులతో కప్పియుంచినచో ఈగ వాలదు, వాసన రాదు. ఒక గుంత నిండినపిదప రెండవదానిని ప్రారంభింపుడు. నిండినదానిని మూడు మారులు తిరుగవేసినచో సుమారు మూడు మాసములకు ఎరువు సిద్ధమగును.

గుంత సరిగా నడచుచున్నదా యని తెలిసికొనుటకు యంత్రములక్కరలేదు. ఒక పిడికెడు తీసి పిండుడు. ముద్ద నిలిచి, ఒకటి రెండు బొట్లు మాత్రము రాలినచో తేమ సరిపోయినది. దుర్గంధము వచ్చినచో నీరెక్కువై గాలి తక్కువైనదని అర్థము. ఎండుటాకులు కలిపి తిరుగవేయుడు. ఒక ఇనుపకడ్డీ గ్రుచ్చి కొంతసేపుంచి తీయుడు. వేడిగా నున్నచో లోపల పని జరుగుచున్నది. ఆ వేడికే కలుపువిత్తులు, రోగబీజములు చాలవరకు నశించును. వేడి లేనిచో తేమయో పేడయో చాలలేదన్నమాట. పండిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మన్నువాసన కలిగియుండును. కట్టెల బూడిదను కొంచెముగ చల్లవచ్చును గాని, పచ్చిపేడతో విస్తారముగ కలిపినచో సారము గాలిలో పోవును. బొగ్గుబూడిద పనికిరాదు.

రెండవది గోనెసంచి. కాగితము, అట్ట, ఇనుము, సీసాలు, అల్యూమినియము, గట్టి ప్లాస్టిక్కు డబ్బాలు దీనిలో చేరును. ఇవి శుభ్రముగను, పొడిగను ఉన్నప్పుడే వెల. పాలపొట్లమును కత్తిరించునప్పుడు మూల తునుకను పూర్తిగ తెగనీయకుడు. ఆ చిన్న తునుకయే కాలువలో చేరి ఎవరికిని దొరకకుండ పోవును. పొట్లమును కడిగి ఆరవేసి పోగుచేసినచో పాత సామానులవాడు కొనిపోవును. అతనిని హీనముగ చూడకుడు. పాత అల్యూమినియమును కరగించి తిరిగి వాడుటకు, ఖనిజమునుండి క్రొత్తగా తీయుటకు పట్టు శక్తిలో 100 పాళ్లకు సుమారు 5 పాళ్లు చాలును. వీధివెంట అరచుచు పోవు ఆ మనిషి దేశమునకు మిగుల్చు సంపద ఇంతటిది.

మూడవది డబ్బా. బ్యాటరీలు, విరిగిన ట్యూబులైట్లు, బ్లేడులు, కాలము చెల్లిన మందులు దీనిలోనివి. ట్యూబులైటునందు పాదరసమున్నది, కొన్ని బ్యాటరీలయందు సీసము, కాడ్మియము ఉన్నవి. ఇవి ఎరువుగుంతలో పడినచో పైరు ద్వారా మన కంచములోనికే వచ్చును. వీనిని పిల్లలకందకుండ దాచి, పంచాయతీ బండివారికి వేరుగ అప్పగింపవలెను.

తగులబెట్టినచో పీడ విరగడ యగును గదా యని కొందరందురు. ఆకులు కాల్చినచో ఎరువు పోవును. ప్లాస్టిక్కు కాల్చినచో ప్రాణమునకే ముప్పు. తీగలపై తొడుగు, గొట్టములు మొదలగు వాని పొగలో ఘాటైన ఆమ్లవాయువును, డయాక్సిను లను విషములును వెలువడును. చలిమంటలో వేసినను, నీళ్లపొయ్యిలో వేసినను ఆ విషము విషమే.

పెద్దలతో ముఖ్యముగ మనవి చేయవలసినది విందులను గూర్చి. పెండ్లికైనను, కర్మాంతరమునకైనను నేడు మైనపువంటి పొర అంటించిన పళ్లెములును, ప్లాస్టిక్కు గ్లాసులును వాడి పందిరివెనుక గుట్ట వేయుచున్నారు. ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగు ఒక్కమారు వాడి పారవేయు వస్తువులను కేంద్ర ప్రభుత్వమువారు 2022వ సంవత్సరము జులై 1వ తేదీనుండి నిషేధించిరి. నిషేధముండనీ, లేకపోనీ, మనకు కొదువ యేమి? అరటియాకు కలదు, తెలంగాణమున మోదుగాకు కలదు, తూర్పుకనుమల మన్యమునుండి అడ్డాకు వచ్చును. ఆ ఆకు కోసి కుట్టు గిరిజనులకు నాలుగు డబ్బులు దొరకును. తిన్నపిదప విస్తరి గుంతలో ఎరువగును.

మిగిలిన అన్నమును గూర్చి ఒక హెచ్చరిక. పుణ్యమని తలచి విందులో మిగిలిన అన్నమును, పాయసమును గంపలకొలది ఆవునకు పెట్టుట కలదు. గడ్డికి అలవాటుపడిన పశువు ఒక్కమారుగ అన్నము అధికముగ తినినచో పొట్టలో పులిసి ఆమ్లమగును. నెమరు నిలిచిపోవును, పుల్లని వాసనతో పారును, ఒకటి రెండు దినములలో చనిపోవుటయు కలదు. అట్టి చిహ్నములు కనబడినచో ఆలసింపక పశువైద్యుని పిలువవలెను. అన్నము మిగులకుండ లెక్క చూచి వండుట, చాలనిచో రెండవ వాయి వండుట, మిగిలినదానిని చెడకమునుపే ఆకలిగొన్నవారికి పంచుట ఉత్తమము.

ఈ సంగతులు క్రొత్తవి కావు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నగరపాలనమును చెప్పుచు, వీథిలో దుమ్ము పారవేసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలిపి దారి కట్టినవానికి నాలుగవ వంతును, రాజమార్గమునందైనచో దానికి రెట్టింపును దండనగా విధించెను. అది రాజు చేయు పని. గ్రామమున దండముకంటె పెద్దల మాటకే బలమెక్కువ. తమ ఇంటి పెండ్లిలో ఒక్క పెద్ద ఆకువిస్తరి వేయించినచో, మరుసటి ముహూర్తమునకు పదిమంది వేయింతురు. తన పెరటి గుంతలోని నల్లని ఎరువును ఒక్క రైతు అరుగుమీద పోసి చూపినచో, నా వంటి పంతులు పది ప్రసంగములు చేయనక్కరలేదు.

కావున నేను తమను కోరునది మూడు. రేపు ఉదయమున వంటయింటి ద్వారమువద్ద మూడు చోట్లు పెట్టించుడు. రాబోవు గ్రామసభలో విందులకు ఆకువిస్తరియే వాడవలెనని తీర్మానింపుడు. అన్నముగాని తొక్కగాని సంచిలో ముడివేసి వీధిలో వేయరాదని ఇంటింట చెప్పుడు. ఈ మూడవదానికి ఖర్చు లేదు, శ్రమ లేదు. దానివలన రక్షింపబడునది నోరులేని పశువు.