ధర పడిన టమాటాను ఇంట్లోనే ఎండబెడదాం

ధర పడితే టమాటాకు కోత కూలి కూడా రాదు. మబ్బు రోజుల్లో ఎండబెడితే బూజు పడుతుంది. కరెంటు డ్రయ్యర్ పంట మొత్తాన్ని కాపాడలేదు గానీ, ఇంటికి ఏడాది సరిపడా టమాటా మిగులుస్తుంది.

టమాటాలో 94 శాతం దాకా నీరే. కిలోకి 60 గ్రాముల ఒరుగులే వస్తాయి. అర సెంటీమీటరు మందంతో చక్రాల్లా కోసి, ఒకదానిమీద ఒకటి పడకుండా ట్రేల్లో పరచండి. 60 డిగ్రీల దగ్గర 10 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. 500 వాట్ల మెషిన్‌కి 10 గంటలకు మహా అయితే 5 యూనిట్లు.

వేడిమీద మెత్తగానే ఉంటాయి, చల్లారాక విరిచి చూడండి. పుటుక్కున విరగాలి. గాజు సీసాలో పోసి, వారం పాటు రోజూ కుదపండి. లోపల చెమ్మ కనపడితే మళ్ళీ ఎండబెట్టండి. బూజు పడితే మాత్రం మొత్తం పారేయాల్సిందే.

కోత, ట్రేల అమరిక వీడియోలో చూడండి.